జానెడు తేడా: ఎడ్ల బండలాగుడు పోటీలో ఏం కొలుస్తారు, ఏది కొలతకి అందదు

రాత్రి పదకొండు దాటింది. ఫ్లడ్‌లైట్ల కింద ఇద్దరు మనుషులు గొంతుక్కూర్చుని టేపు పట్టుకున్నారు. ఒకాయన టేపు కొసని సున్నపు గీత మీద బొటనవేలితో అదిమి పట్టాడు. రెండో ఆయన దాన్ని బండ అంచు దాకా లాగి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని అంకె చదివాడు. "నూట పన్నెండడుగుల ఆరంగుళాలు." మైకులో ఆ మాట వినపడగానే గట్టు మీద కూర్చున్న పెద్దాయన తుండుగుడ్డ దులుపుకుని లేచాడు. అప్పటిదాకా ఆయన జతే మొదటి స్థానంలో ఉంది. తొమ్మిదంగుళాల తేడాతో రెండోదైంది. తొమ్మిదంగుళాలంటే జానెడు. "నెల్లాళ్ళు ఉలవలు ఉడకేసి పెట్టింది ఈ జానెడు కోసమంట్రా అబ్బాయ్" అన్నాడు పక్కనున్న కుర్రాడితో, నవ్వుతూనే. ఆ ఎడ్లు రాత్రికి రాత్రే డీసీఎం లారీ ఎక్కి కర్నూలు వైపు వెళ్ళాలి.

పోటీ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. జత ఎడ్లకి కాడి కట్టి, చక్రాలు లేని రాతి బండని ఉత్త నేల మీద లాగిస్తారు. ఇచ్చిన నిమిషాల్లో ఎక్కువ దూరం లాగిన జత గెలుస్తుంది. ఇంత తేలికైన ఆట చుట్టూ సంక్రాంతికీ శివరాత్రికీ ఏటా అవే ప్రశ్నలు తిరుగుతుంటాయి. జల్లికట్టు మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికీ వర్తిస్తుందా? ఇది బలాన్ని చూపించడమా, హింసా? ఈ పోటీలే లేకపోతే ఒంగోలు జాతి అంతరించిపోతుందన్న మాటలో నిజమెంత? ఒక్కో ముడీ విప్పుకుంటూ వెళదాం.

పేరు దగ్గరే మొదలయ్యే తికమక

గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు బండలాగుడు అంటారు. పత్రికల్లో రాతి దూలం లాగుడు పోటీలు అని కూడా కనిపిస్తుంది. ఊరి గోడల మీద అంటించే పోస్టర్లలో మాత్రం భాష ఒక్కసారిగా పట్టుపంచె కట్టుకుంటుంది: "ఒంగోలు జాతి వృషభరాజముల బలప్రదర్శన". పందెం అనే మాట అందులో ఉండదు. పందెం అంటే డబ్బు ఒడ్డడం అనే అర్థం వస్తుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టారు. ఆ స్థానంలో పెట్టుకున్న "ప్రదర్శన" అనే మాట చట్టంలో ఇంకో ముల్లై కూర్చుంది. ఆ సంగతి తర్వాత.

దీన్ని దగ్గరి చుట్టాలతో కలిపేయకూడదు. గోదావరి జిల్లాల్లో జరిగే ఎడ్ల పరుగు పందేలు వేగానికి సంబంధించినవి. తమిళనాడు జల్లికట్టులో మనిషి ఎద్దు మూపురం పట్టుకుని వేలాడాలి. దక్షిణ కన్నడ, ఉడుపి వైపు కంబళలో బురద మడిలో దున్నపోతులు పరిగెడతాయి. మహారాష్ట్రలో బండి పందెం. బండలాగుడులో పరుగూ లేదు, మనిషికీ పశువుకీ కుస్తీ లేదు. బరువు, దూరం, సమయం, అంతే. కృష్ణా, గుంటూరు, పల్నాడు, ప్రకాశం, కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో ఇది తిరునాళ్ళలో భాగం. తెలంగాణలో సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు శివరాత్రి జాతరకి ఆంధ్ర వైపు నుంచి కూడా జతలు వెళతాయి.

పళ్ళు లెక్కపెట్టి తరగతి నిర్ణయించడం

పిల్లల ఆటల పోటీల్లో వయసుకో విభాగం ఉన్నట్టే ఇక్కడా ఉంటుంది. ఎద్దుకి జనన ధ్రువపత్రం ఉండదు కాబట్టి నోరు తెరిచి చూస్తారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. కొన్నిచోట్ల జూనియర్స్, న్యూ కేటగిరీ అని మధ్యలో ఇంకో రెండు మెట్లు పెడతారు. పొలం పని చేసే ఎడ్లకి సేద్యపు విభాగం వేరే ఉంటుంది.

పశువుకి పై దవడ ముందుభాగంలో పళ్ళుండవు, గట్టి చిగురే ఉంటుంది. కింద ఎనిమిది ఉంటాయి. ముందు పాలపళ్ళు వస్తాయి. అవి మధ్యలోంచి మొదలై ఒక్కో జతగా ఊడి, వాటి చోట వెడల్పాటి శాశ్వత పళ్ళు వస్తాయి. మొదటి జత సుమారు రెండు, రెండున్నరేళ్ళకి, రెండోది మూడు, మూడున్నరకి, మూడోది నాలుగు దగ్గర, ఆఖరిది నాలుగున్నర, ఐదేళ్ళకి. "రెండు పళ్ళేసింది" అంటే వయసు చెప్పేసినట్టే.

తనిఖీ చూడాల్సిన దృశ్యం. ఒకడు ముగుతాడు బిగించి పట్టుకుంటాడు. అనుభవమున్న పెద్దమనిషి బొటనవేలితో కింది పెదవి మడిచి, సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తాడు. ఎద్దు నాలుక ఓ పక్కకి తోసి, చొంగ చెయ్యంతా పూసేస్తుంది. ఆయన ఆ చేతిని పంచెకి తుడుచుకుంటూ అంకె చెబుతాడు. తగువు వచ్చేది ఎక్కడంటే, పాలపన్ను ఊడిపోయి కొత్తది చిగురులోంచి బియ్యపుగింజంత పొడుచుకొచ్చినప్పుడు. వచ్చినట్టా, రానట్టా? వచ్చిందంటే పై విభాగం, అక్కడ బండ బరువు ఎక్కువ.

పన్ను వయసుకి గుర్తే, కొలబద్ద కాదు. మేతని బట్టీ పుట్టుకని బట్టీ నెలల తేడా వస్తుంది. నిన్న రెండు పళ్ళేసిన కోడె, రేపోమాపో నాలుగు పళ్ళు వేయబోతున్న కోడె ఒకే విభాగంలో దిగుతాయి. వాటి మధ్య దాదాపు ఏడాది ఎదుగుదల తేడా ఉండొచ్చు. పైగా జతలో ఒకటి ముందు పళ్ళేసిందంటే రెండోది వెనకబడినా ఇద్దరూ పైమెట్టుకి పోవాల్సిందే. అందుకే యజమానులు కేలండర్ చూసి లెక్కలు వేసుకుంటారు: సంక్రాంతికి ఈ విభాగంలో దింపొచ్చు, శివరాత్రి దాకా పన్ను ఆగుతుందా?

బండ బరువుకీ లాగే బలానికీ సంబంధం

చాలామంది పొరబడేది ఇక్కడ. "పది క్వింటాళ్ళ బండ లాగింది" అంటే ఎద్దు పది క్వింటాళ్ళ బలం చూపించిందని కాదు. బండని పైకెత్తడం లేదు, నేల మీద ఈడుస్తోంది. నేల బండని ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నదే లెక్క. ఎండిన గట్టి నేలకి ఒక పట్టు, పొడి ఇసుక కలిసిన నేలకి ఇంకొకటి, తడి మట్టికి మరొకటి. అందువల్ల ఒక ఊళ్ళో లాగిన దూరాన్ని ఇంకో ఊరి దూరంతో పోల్చి రికార్డు అనుకోవడంలో అర్థం లేదు.

ఒక లెక్క వేద్దాం. బండ వెయ్యి కిలోలు, నేల పట్టు బరువులో సగం అనుకుందాం. గొలుసు నేలకి సమాంతరంగా ఉంటే 500 కిలోల బలం కావాలి. అంటే 500 కిలోల మూటని నిట్టనిలువుగా పైకి లాగేంత. కానీ కాడి ఎద్దు మెడ మీద, నాలుగు నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది, బండ నేల మీద ఉంటుంది. గొలుసు పొడవు పదమూడు అడుగులుంటే అది దాదాపు 20 డిగ్రీల వాలులో పైకి లాగుతుంది. ఆ వాలు బండ బరువుని కొంచెం నేల మీంచి తేలుస్తుంది. లెక్క కడితే 450 కిలోలు చాలు. గొలుసు వాలు మార్చడంతోనే 50 కిలోలు మిగిలాయి.

మిగిలాయంటే ఎక్కడికీ పోలేదు. నేల మీంచి తేలిన బరువు కాడి మీదికి ఎక్కింది. ఇదే లెక్కలో అది సుమారు 154 కిలోలు, ఒక్కో మెడ మీద 77. గొలుసు పొట్టిగా కడితే బండ తేలిగ్గా కదులుతుంది, మెడ మీద అదుము పెరుగుతుంది. పొడుగ్గా కడితే మెడకి సుఖం, బండ బరువు. పాత కాపులు ఈ మాటలేవీ వాడకుండానే గొలుసు కొక్కేన్ని ఒక లంకె అటూ ఇటూ మారుస్తూ అదే లెక్క వేస్తారు.

ఇప్పుడు ఎద్దు వైపు నుంచి చూద్దాం. ఎదిగిన ఒంగోలు ఎద్దు ఆరొందల కిలోలు అనుకుంటే జత బరువు 1,200. రోజంతా నాగలి దున్నే ఎద్దు తన బరువులో పదో వంతు, మహా అయితే ఎనిమిదో వంతు బలంతో లాగుతుంది. అంటే జతకి 120 నుంచి 150 కిలోలు. మన లెక్కలో బండకి కావలసింది 450. రోజువారీ పనికి మూడు నాలుగు రెట్లు. పోటీని సమర్థించేవాళ్ళూ వ్యతిరేకించేవాళ్ళూ ఇద్దరూ నిలబడేది ఈ అంకె మీదే. "ఉన్నదే పది పదిహేను నిమిషాలు, పరుగు పందెం మనిషి కూడా మామూలు నడకకి ఎన్నో రెట్లు శ్రమపడతాడు కదా" అని వీళ్ళు. "మనిషి తనకి తానే పరిగెడతాడు, ఆగాలనుకుంటే ఆగుతాడు" అని వాళ్ళు.

దాపల, వలపల: జత కుదరడం అంటే ఏమిటి

కాడికి ఎడమవైపు కట్టేది దాపటి ఎద్దు, కుడివైపుది వలపటి ఎద్దు. అలవాటైన పక్క మారిస్తే ఎద్దు తడబడుతుంది. అందుకే కోడెగా ఉన్నప్పుడే ఏ పక్కదో నిర్ణయించి దానికే మరుపుతారు, అంటే అలవాటు చేస్తారు. సంతలో "దాపటిది కావాలి" అని వెతుక్కుంటూ జిల్లాలు దాటి వెళ్ళేది ఇందుకే. రెండు గొప్ప ఎడ్లని కొనుక్కొస్తే గొప్ప జత అయిపోదు.

కారణం కాడిలోనే ఉంది. కాడి తక్కెడ లాంటిది. గొలుసు సరిగ్గా మధ్యలో కడితే, తిన్నగా లాగాలంటే రెండు పక్కలా సమానమైన బలం ఉండాలి. ఒక ఎద్దు 260 కిలోలు లాగగలదు, రెండోది 190 అనుకుందాం. కూడితే 450, మన బండకి సరిపోవాలి. కానీ బలమైనది పూర్తిగా లాగితే కాడి దాని వైపు మెలిక తిరుగుతుంది. తిన్నగా ఉండాలంటే అదీ 190 దగ్గరే ఆగాలి. అప్పుడు మొత్తం 380, బండ కదలదు. జత బలం అంటే బలహీనమైనదానికి రెండింతలు.

దీనికో విరుగుడు ఉంది. గొలుసు కట్టే చోటుని బలమైన ఎద్దు వైపు కొంచెం జరపాలి. రెండు మెడల మధ్య నాలుగడుగులుంటే, మన ఉదాహరణలో జరపాల్సింది నాలుగంగుళాలకి కాస్త తక్కువ. అప్పుడు రెండూ తమ తమ పూర్తి బలంతో లాగినా కాడి తిన్నగా ఉంటుంది, 450 వస్తుంది. కొత్తెద్దుకి కాడి జరిపి పని నేర్పడం సేద్యంలో ఎప్పటినుంచో ఉన్నదే. నల్లరేగడి చేలల్లో లోతు దుక్కి దున్నిన చోట, కపిల బానతో బావి నీళ్ళు తోడిన చోట ఈ తెలివి పుట్టింది. ట్రాక్టరు వచ్చాక ఆ పనులు పోయి, తెలివి మాత్రం పోటీ బరిలో మిగిలింది.

దూరం కట్టే లెక్క, తిప్పుడులో పోయే అడుగులు

బరి పొడవు, సమయం, బండ బరువు ఊరిని బట్టి, విభాగాన్ని బట్టి మారతాయి. లెక్క కట్టే తీరు తెలియడానికి బరి 250 అడుగులు, సమయం 15 నిమిషాలు అనుకుందాం. ఈ గీత నుంచి ఆ గీత దాకా లాగాక జతని తిప్పి మళ్ళీ ఇటు లాగాలి. తిప్పేటప్పుడు గడియారం ఆగదు. ఈల పడేసరికి బండ ఎక్కడుంటే అక్కడికి టేపు పడుతుంది.

మొదట్లో చెప్పిన రాత్రి లెక్క ఇలా ఉంటుంది. ఒక జత ఏడు నిండు పొడవులు లాగి, ఎనిమిదో దాంట్లో 112 అడుగుల 6 అంగుళాల దగ్గర ఆగింది. ఏడు ఇరవైయైదులు నూట డెబ్బై ఐదు, పక్కన సున్నా పెడితే 1,750. మొత్తం 1,862 అడుగుల 6 అంగుళాలు. పెద్దాయన జత 1,861 అడుగుల 9 అంగుళాలు. తేడా జానెడు.

ఆ జానెడు బలంలోనే తేలిందనుకుంటే పొరపాటు. ఏడుసార్లు తిప్పారు కదా. ఒక జత తిరగడానికి ఒక్కోసారికి 20 సెకన్లు పట్టిందనుకుందాం, మొత్తం 140 సెకన్లు. ఉన్న 900 సెకన్లలో లాగింది 760 సెకన్లే. సెకనుకి సుమారు రెండున్నర అడుగుల నడక. ఇంకో జత అంతే వేగంతో లాగినా తిప్పడానికి ఒక్కోసారికి ఐదు సెకన్లు ఎక్కువ తీసుకుంటే 35 సెకన్లు పోతాయి, అంటే దాదాపు 86 అడుగులు. జానెడు కాదు, ఎనభై ఆరు అడుగులు! అనుభవజ్ఞులైన తోలేవాళ్ళకి అంత గిరాకీ అందుకే. ఎద్దు బలానికి వెలకట్టి కొనుక్కోవచ్చు, గీత దగ్గర నెమ్మదించకుండా జతని తిప్పే చెయ్యి అంత సులువుగా దొరకదు.

మొదటి కదలిక ఇంకో ఘట్టం. ఆగిన బండని కదిలించడానికి, కదులుతున్నదాన్ని లాగడానికన్నా ఎక్కువ బలం కావాలి. బీరువాని తోసినవాళ్ళందరికీ తెలిసిన సంగతే. రెండు ఎడ్లూ ఒకే క్షణంలో వంగితేనే బండ కదులుతుంది. ఒకటి ముందు వంగి విసిగి వెనక్కి తగ్గాక రెండోది వంగితే లాభం లేదు. ఆ క్షణంలో జనం అరుపులు ఆగిపోతాయి. గొలుసు బిగుసుకున్న చప్పుడు వినపడుతుంది, ఆ తర్వాతే రాయి నేలని గీరిన చప్పుడు.

వందల మైళ్ళు ఎందుకు వస్తారు

బహుమతి డబ్బు కోసమైతే గిట్టుబాటు కాదని యజమానులే చెబుతారు. పెద్ద పోటీల్లో లక్ష రూపాయలు, బుల్లెట్ బండి, ఒక్కోసారి ట్రాక్టరు కూడా పెడతారు గానీ మొదటి బహుమతి ఒక్క జతకే. మిగతా వాళ్ళకి డీసీఎం కిరాయి, మనుషుల ఖర్చు, ఏడాది పొడుగునా ఉలవలూ పచ్చిమేతా చేతి నుంచే. పేరున్న జత ధర లక్షల్లో పలుకుతుంది. నాలుగు చోట్ల గెలిచిన కోడె ధర పెరుగుతుంది కాబట్టి పోటీ ఒక రకంగా సంత లాంటిది, అందరి కళ్ళముందు పశువుని పరీక్షించి చూపించే సంత.

ఇంకా బలమైన కారణం పేరు. మైకులో మనిషి పేరు, ఊరు పేరు, మండలం పేరు వరసగా పలుకుతారు. ఈమధ్య "ఫలానా బుల్స్" అని పశువుల కొట్టానికే పేరు పెట్టుకోవడం వచ్చింది. యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారం పెడితే అమెరికాలో ఉన్న ఊరి కుర్రాళ్ళు తెల్లారగట్లో సాయంత్రమో లేచి చూస్తున్నారు. పొలానికి ఎద్దు అక్కర్లేని కాలంలో ఎద్దు ఇంటి పరువుగా మారింది. ఇందులో ఆభిజాత్యం ఉందా అంటే ఉంది. ఎద్దుని పోషించగలిగినవాడే బరిలో దిగుతాడు, కౌలు రైతుకి గట్టు మీదే చోటు.

చట్టం ఏమంటుంది

జంతు హింస నిరోధక చట్టం 1960 నాటిది. దాని 11వ సెక్షన్ ప్రకారం పశువుని కొట్టడం, శక్తికి మించి తోలడం, శక్తికి మించిన బరువు మోపడం నేరాలు. మొదటి తప్పుకి శిక్ష 10 నుంచి 50 రూపాయల జరిమానా. అచ్చుతప్పు కాదు, యాభై రూపాయలే. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే వంద రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ.

1965 నాటి నిబంధనలు బరువు లాగే పశువుల గురించి ఇంకొంచెం వివరంగా చెబుతాయి. ములుకుల కర్ర వాడకూడదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 మధ్య పని చేయించకూడదు. బండికి ఎంత బరువు వేయొచ్చో కూడా ఉంది. అయితే ఆ పట్టికంతా చక్రాలున్న బండ్ల గురించే. చక్రం లేని రాయిని లాగించేవాళ్ళు ఉంటారని రాసినవాళ్ళకి తట్టినట్టు లేదు.

అసలు మలుపు 2011లో వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 22వ సెక్షన్ కింద, ప్రదర్శనలకి వాడకూడని జంతువుల జాబితాలో ఎద్దుని చేర్చింది. సింహం, పులి, ఎలుగుబంటి పక్కన ఎద్దు. దాని ఆధారంగా 2014 మే 7న సుప్రీంకోర్టు, జల్లికట్టుకి గానీ బండి పందేలకి గానీ దేశంలో ఎక్కడా ఎద్దుని ప్రదర్శన జంతువుగా వాడకూడదని తీర్పిచ్చింది. 2017 జనవరిలో జల్లికట్టు కావాలంటూ చెన్నై మెరీనా బీచిలో జనం కదిలారు. ఆ ఏడాదే తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ తమ సవరణ చట్టాలు తెచ్చుకున్నాయి. జంతు హింస నివారణ ఉమ్మడి జాబితాలోని అంశం కాబట్టి రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రం కేంద్ర చట్టానికి మినహాయింపు తెచ్చుకోవచ్చు. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ మూడు చట్టాలూ చెల్లుతాయని చెప్పింది.

ఈ తీర్పు రాగానే వాట్సాపుల్లో "బండలాగుడుకి సుప్రీంకోర్టు అనుమతి" అని తిరిగింది. అది సరికాదు. కోర్టు ముందున్నవి జల్లికట్టు, కంబళ, బండి పందేల మీద ఆ మూడు రాష్ట్రాలు చేసుకున్న చట్టాలు. బండలాగుడు పేరు వాటిలో లేదు. నిషేధాన్ని ఎత్తేసిందనీ, నేరుగా నిషేధించిందనీ రెండు వైపులా చెప్పేవి ఆ తీర్పు నుంచి రావు.

మరి బండలాగుడు ఏ గూటికి చెందుతుంది? ఒక వాదన ప్రకారం 2014 తీర్పులోని మాట విశాలమైనది. వినోదం కోసం ఎద్దుని జనం ముందు నిలబెడితే అది ప్రదర్శనే, రాయి లాగించినా పరుగెత్తించినా ఒకటే. పోస్టరు మీద మనమే "బలప్రదర్శన" అని అచ్చేసి మరీ ఒప్పుకుంటున్నాం. రెండో వాదన చట్టం 21వ సెక్షన్‌ని చూపిస్తుంది. అక్కడ ప్రదర్శన అంటే టికెట్టు కొని జనం లోపలికి వచ్చే వినోదం అని నిర్వచనం ఉంది. తిరునాళ్ళ పోటీకి టికెట్టు లేదు. పైగా బరువు లాగడం ఎద్దుకి పుట్టుకతో అలవాటైన పని అంటారు. దీనికి మొదటివాళ్ళ జవాబు: ప్రదర్శన కాకపోయినా 11వ సెక్షన్ ఉండనే ఉంది. శక్తికి మించిన బరువు అన్నది టికెట్టుతో సంబంధం లేని నేరం.

నా మటుకు నాకు ఆఖరి మాటే గట్టిగా కనిపిస్తుంది. టికెట్టు వాదనతో కేసు నెగ్గొచ్చేమో గానీ, ఎద్దుకి ఎంత శ్రమ మించింది అన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. విచిత్రం ఏమిటంటే ఆ బరిలో పన్ను లెక్కపెడతారు, సెకను లెక్కపెడతారు, అంగుళం లెక్కపెడతారు. పోటీకి ముందూ తర్వాతా ఎద్దు గుండె వేగం, ఒంటి వేడి, మెడ మీద పుండు రాసుకునే పుస్తకం మాత్రం నేను చూసిన బరుల్లో ఎక్కడా కనపడలేదు. పశువైద్యుడు ఒక్క గంట కూర్చుంటే అయ్యే పని. కర్ర వాడొద్దనీ తోక మెలిపెట్టొద్దనీ మైకులో చెబుతూనే ఉంటారు. ఎండ తప్పించడానికి రాత్రి పూట పెట్టడం ఎక్కువైంది. ఇవి మంచివే. కానీ లెక్క లేకపోతే "మా ఎడ్లకేం కాలేదు" అన్న యజమాని మాటకీ, "చూడు నాలుక ఎలా వేలాడేసిందో" అన్న కార్యకర్త మాటకీ మధ్య తేల్చేది ఏదీ ఉండదు.

"జాతిని కాపాడుతున్నాం" అనే మాట

ప్రకాశం జిల్లా వైపు గుండ్లకమ్మ, మూసీ (హైదరాబాదు మూసీ కాదు) ఏళ్ళ మధ్య నేల ఒంగోలు జాతికి పుట్టిల్లు. తెల్లటి ఒళ్ళు, నిండైన మూపురం, కింద వేలాడే గంగడోలు. 2002లో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగినప్పుడు చిహ్నం "వీర" కూడా ఒంగోలు గిత్తే. ఇండోనేషియాలో సుంబా ఒంగోలు అనే మంద ఉంది. బ్రెజిల్లో దీని సంతతిని నెల్లూరు పేరు మీద నెలోర్ అంటారు. అక్కడి పశుసంపదలో అధిక భాగం నెలోరో, దాని కలయికో. ప్రకాశం జిల్లా కరవది ఊరి పేరుతోనే అక్కడ ఒక ప్రఖ్యాత ఆబోతు ఉండేది. ఆమధ్య "40 కోట్ల ఒంగోలు ఆవు" అని వార్తల్లోకెక్కిన వియాటినా 19 కూడా అక్కడిదే. అయితే అంత డబ్బు ఒకేసారి చేతులు మారలేదు. 2023లో ఆ ఆవులో మూడో వంతు వాటా అమ్మితే, ఆ ధరని మూడుతో గుణించి కట్టిన విలువ అది.

పుట్టింట్లో పరిస్థితి వేరు. దుక్కికి ట్రాక్టరు వచ్చింది, పాలకి ముర్రా గేదె, జెర్సీ కలయిక ఆవు వచ్చాయి. ఒంగోలు ఆవు ఒక ఈతకి ఇచ్చే పాలు సగటున 800 కిలోల దగ్గర. పాడి కోసం పెంచేవాడికి అది చాలదు. కాబట్టి పోటీల వాళ్ళ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు: "ఎద్దుకి పని లేదు, ఆవుకి పాలు లేవు. మేమే లేకపోతే ఈ కోడెదూడని లక్షలు పోసి కొనేవాడెవడు? కొనేవాడుంటేనే రైతు ఆ ఆవుని కట్టేసుకుంటాడు."

ఇందులో సగం నిజం కచ్చితంగా ఉంది. మంచి కోడెకి ధర ఉన్నంతకాలం దాని తల్లికీ విలువ ఉంటుంది. మిగతా సగం దగ్గర పేచీ. జాతి నిలబడేది గెలిచిన ఎద్దు వల్ల కాదు, దాని విత్తనం ముందుకి పోతే. విత్తు కొట్టించిన ఎద్దు ఎన్ని బుల్లెట్ బండ్లు గెలిచినా దానితోనే ఆ వంశం ఆగిపోతుంది. విత్తనానికి వాడినా, గెలుపులో పుట్టుక పాలెంత, ఉలవల పాలెంత, తోలేవాడి చేతి పాలెంత అన్నది బరిలో తేలదు. ఇందాకటి లెక్కలో తిప్పుడు ఒక్కటే 86 అడుగులు తేల్చేసింది. తల్లిదండ్రుల వివరాలు రాసి, పిల్లల ఎదుగుదల తరాల తరబడి కొలిస్తే తప్ప ఆ పాళ్ళు విడదీయలేం. గుంటూరు దగ్గర లాంలో, ప్రకాశం జిల్లా చదలవాడలో ఉన్న ప్రభుత్వ క్షేత్రాలు చేసే పని అలాంటిది. దానికి మైకూ ఉండదు, ఫ్లడ్‌లైట్లూ ఉండవు.

ఒకప్పుడు ఊళ్ళోనే దీనికో ఏర్పాటు ఉండేది. చనిపోయిన పెద్దల పేరున మంచి కోడెని ఎంచి, అచ్చు వేసి దేవుడికి వదిలేసేవారు. అది ఎవరి చేలో మేసినా కొట్టకూడదు. ఊరి ఆవులన్నిటికీ అదే ఆబోతు. ఇవాళ "అచ్చోసిన ఆంబోతు" అనే మాట తిట్టుగా మిగిలింది గానీ, ఒంగోలు జాతి తరతరాలుగా నిలిచింది చాలావరకు ఆ తిట్టు వల్లే. చేలకి కంచెలు పడ్డాక, పచ్చిమేత ధర పెరిగాక దాన్ని ఊరికే మేపే ఓపిక ఊరికి పోయింది.

ఆ రాత్రి బహుమతులు ఇచ్చేసరికి ఒంటిగంటైంది. పెద్దాయన రెండో బహుమతి కవరు అందుకుని విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు. డీసీఎంలో వరిగడ్డి పరిచి, వలపటిదాన్ని ముందు ఎక్కించారు. దాపటిది చెక్క మీద కాలు పెట్టడానికి మొరాయించింది. ఆయన దాని మెడ రాస్తూ, అలవాటుగా కింది పెదవి మడిచి, కుర్రాడి ఫోన్ లైటు అడిగి తీసుకుని చూశాడు. రెండో జత పాలపళ్ళలో ఎడమది వేలితో తాకితే కదులుతోంది.

"ఎంత టైముంది బాబాయ్?" అన్నాడు కుర్రాడు.

"నెల. మహా అయితే నెలా పది రోజులు" అని ఆయన లైటు ఆర్పేశాడు. "ఈలోపు ఎక్కడెక్కడ పెడుతున్నారో కనుక్కో."